పాషాణం వెంట తగరం

భూవిజ్ఞానం చదువుతున్న డిగ్రీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

మాట్లాడే ముందు ఒక చిన్న పని మొదలుపెడతాను. ఈ గాజు పళ్ళెంలో ఉన్నది జింకు రేకు. పాత టార్చిలైటు సెల్లు విప్పి, డొల్ల కత్తిరించి, శుభ్రంగా కడిగి తెచ్చాను. దాని మీద నాలుగు గింజలు పెడుతున్నాను. ముదురు గోధుమ రంగు, ఇంచుమించు నలుపు. మిరియపు గింజంత ఉంటాయి. బస్తర్‌లో ఏటి ఇసుక గాలిస్తే వచ్చినవి ఇవి. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు ఈ పెద్ద ముక్కని ఒకసారి చేతిలోకి తీసుకోండి. బరువు తెలుస్తోందా? అంతే సైజు గులకరాయి కంటే రెండున్నర రెట్లు బరువు. ఇప్పుడు పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తున్నాను, గింజలు తడిసేంత మాత్రమే. బుడగలు వస్తున్నాయి కదా, అది హైడ్రోజన్. ఆ కిటికీలు తెరిచే ఉంచండి నాన్నా. దీన్ని ఇలా వదిలేద్దాం. చివర్లో మళ్ళీ చూద్దాం.

ఈ రాయి పేరు క్యాసిటరైట్. తగరం ముడిఖనిజం. ఇందులో నూటికి 78 పాళ్ళకు పైగా తగరం, మిగతాది ఆక్సిజన్. తగరం అంటే మీ వయసు వాళ్ళకి వెంటనే ఏదీ గుర్తుకు రాకపోవచ్చు. కళాయి అంటే మీ అమ్మమ్మకో నాయనమ్మకో తప్పకుండా గుర్తొస్తుంది. మా చిన్నప్పుడు ఏడాదికొకసారి కళాయి వేసే ఆయన వీధి అరుగు పక్కన గొయ్యి తీసి, బొగ్గులు పేర్చి, తోలుతిత్తితో ఊదేవాడు. ఇత్తడి గిన్నె బాగా వేడెక్కాక నవాసాగరం పొడి చల్లి గుడ్డతో రుద్దితే తెల్లటి పొగ ముక్కు పగిలేట్టు వచ్చేది. ఆ వెంటనే సన్నటి తగరం కడ్డీ గిన్నెకి తాకించేవాడు. 232 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి తాకగానే నీరయ్యేది. గుడ్డతో ఒక్క చుట్టు తిప్పితే గిన్నె లోపలంతా వెండిలా మారిపోయేది. చింతపండు పులుసు కాచినా చిలుమెక్కదు. ఆ పల్చటి పూత కోసం ఎక్కడెక్కడి కొండలు తవ్వారో అప్పుడు నాకు తెలియదు. తెలిశాక మాత్రం ఆ కడ్డీని తలుచుకోకుండా ఏ గ్రానైటు కొండనూ చూడలేకపోయాను.

నన్ను ఖనిజాన్వేషణ మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం కాకుండా ఒకే ఒక్క పంక్తి గురించి చెబుదామని వచ్చాను.

అమెరికా భూవిజ్ఞాన సర్వే వాళ్ళ దగ్గర అలాస్కా రిసోర్స్ డేటా ఫైల్ అని ఒక నమోదు ఉంది. అలాస్కా మొత్తంలో ఎక్కడెక్కడ ఏ ఖనిజం కనబడిందో రాసిపెట్టిన జాబితా. 7 వేలకు పైగా చోట్లు ఉన్నాయి అందులో. కొన్ని పెద్ద గనులు. చాలా మటుకు మాత్రం అసలు పేరే లేని చోట్లు. పేరు అన్న గడిలో 'పేరులేనిది' అనే ఉంటుంది. ఫలానా ఏటికి ఎగువన, ఫలానా గట్టు మీద అని గుర్తులు. లోహాలు అన్న గడిలో రెండు మాటలు: తగరం, ఆర్సెనిక్, అంటే మనం పాషాణం అనే విషపదార్థం. జరిగిన పని అన్న గడిలో, ఒకటి రెండు నమూనాలు తీశారు అని. అంతే. ఒక ఎండాకాలం మధ్యాహ్నం హెలికాప్టర్ ఎవరినో ఒక గట్టు మీద దించింది. ఆ మనిషి తుప్పు రంగు రాళ్ళు చూసి, సుత్తితో నాలుగు ముక్కలు కొట్టి, సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ అక్కడ ఎవరూ కాలు పెట్టలేదు.

మీకు పరీక్షల్లో పెద్ద గనుల గురించి అడుగుతారు. ఇలాంటి పంక్తిని చదవడం ఎవరూ నేర్పరు. నాకూ ఎవరూ నేర్పలేదు. అయితే ఈ వృత్తిలో మీకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇలాంటివే. కాబట్టి దీన్ని చదవడం నేర్చుకుందాం.

మొదటి విషయం, ఖనిజం కనబడిన చోటు వేరు, నిక్షేపం వేరు, గని వేరు. ఏదైనా లోహం మామూలు కంటే ఎక్కువగా ఉందంటే అది కనబడిన చోటు. ఎంత మేర, ఎంత లోతు, ఎంత పాళ్ళు ఉందో కొలిస్తే నిక్షేపం. తీసి అమ్మితే ఖర్చు పోను మిగులుతుందంటే గని. వార్తల్లో ఈ మూడూ కలిపేస్తారు. ఎక్కడో బంగారం జాడ దొరికిందనగానే బంగారు గని అని రాసేస్తారు. మీరు ఆ తప్పు చెయ్యకండి.

రెండో విషయం, ఆ రెండు మాటలు పక్కపక్కన ఎందుకున్నాయి? భూమి పైపొరలో సగటున టన్ను రాతికి తగరం 2 గ్రాములుంటుంది. ఆర్సెనిక్ కూడా దాదాపు 2 గ్రాములే. అంటే రెండూ అరుదే. నూటికి ఒక పాలు తగరం ఉన్న రాయి తయారవాలంటే ప్రకృతి ఆ 2 గ్రాముల్ని 5 వేల రెట్లు పోగు చెయ్యాలి. ఇంత అరుదైన రెండు మూలకాలు ఒకే గట్టు మీద పక్కపక్కన పోగుపడ్డాయంటే, అక్కడ కింద ఏదో ఒకే సంఘటన జరిగింది. ఆ గడిలో కనబడేవి రెండు లోహాల పేర్లే. నేను మాత్రం వాటిని ఒకే కథలో రెండు పాత్రలుగా చదువుతాను.

ఆ కథ గ్రానైటుది. మన కోస్తాలో ఉప్పు మడులు చూసినవాళ్ళు చెయ్యెత్తండి. బాగుంది, చాలామందే ఉన్నారు. సముద్రపు నీళ్ళు మడిలోకి పెట్టి ఎండబెడితే ముందు ఉప్పు గడ్డకడుతుంది. ఉప్పు దిగాక అడుగున కొంచెం నీళ్ళు మిగులుతాయి. నోట్లో వేసుకుంటే కటిక చేదు. ఉప్పు పలుకుల్లో ఇమడని మెగ్నీషియం లాంటివన్నీ ఆ మిగులు నీళ్ళలో చేరతాయి. గ్రానైటు శిలాద్రవం చల్లారేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఫెల్‌స్పార్, క్వార్ట్జ్ ముందు గడ్డకడతాయి. వాటి స్ఫటికాల్లో తగరానికి చోటు దొరకదు. అలా చోటు దొరకనివన్నీ, నీరు, ఫ్లోరిన్, బోరాన్‌తో సహా, చివరి ద్రవంలో పోగవుతాయి. ఆ చివరి ద్రవం నుంచి విడిపోయిన వేడి ఉప్పునీరు పగుళ్ళ గుండా పైకి తన్నుకొస్తుంది. తగరం దాంట్లో క్లోరిన్‌ను పట్టుకుని ప్రయాణం చేస్తుంది.

ఆ నీళ్ళకి దారిలో సున్నపురాయి తగిలితే కథ మారిపోతుంది. ఆమ్లగుణం ఉన్న నీళ్ళు సున్నంలో పడితే ఏమవుతుందో మీకు తెలుసు. ఆమ్లం విరిగిపోతుంది, తగరం ఇక ద్రవంలో నిలవలేదు. అక్కడికక్కడే క్యాసిటరైట్‌గా దిగిపోతుంది. ఆర్సెనిక్ మాత్రం ఇంకా కొంత దూరం వెళ్ళగలదు. ఇంకొంచెం చల్లారాక ఇనుము, గంధకం తోడు చేసుకుని ఆర్సెనోపైరైట్‌గా స్థిరపడుతుంది. అందుకే చాలాచోట్ల తగరం ఉన్న భాగం చిన్నదిగా, దాని చుట్టూ ఆర్సెనిక్ వ్యాపించిన భాగం పెద్దదిగా ఉంటుంది. దీపం చిన్నదే, వెలుతురు వాకిలి దాకా వస్తుంది. అలాగన్నమాట. ఆ పేరులేని గట్టు మీద మొదట కంటపడింది ఆర్సెనిక్ తుప్పే అయివుంటుందని నా అనుమానం.

ఇప్పుడు పేరున్న ఒక చోటికి వెళదాం. అలాస్కా పశ్చిమ కొసన సీవార్డ్ ద్వీపకల్పం ఉంది. బేరింగ్ జలసంధి అక్కడ 85 కిలోమీటర్ల వెడల్పు. ఆవలి ఒడ్డు రష్యాది. ఆ ద్వీపకల్పం కొసన యార్క్ పర్వతాలు. ఆర్కిటిక్ వలయానికి కాస్త దక్షిణంగా ఉంటాయి. చెట్లు లేవు. కొండలన్నీ బూడిద రంగు సున్నపురాయి. చలికి పగిలి పగిలి కొండ మీద రాయి రాయిగా మిగిలింది తక్కువ, గుట్టలుగా పడిన ముక్కలే ఎక్కువ. ఆ కొండల్లోంచి దక్షిణంగా పారి సముద్రంలో కలిసే చిన్న నది పేరు లాస్ట్ రివర్. తప్పిపోయిన ఏరు అనుకోండి. నోమ్ పట్నానికి వాయవ్యంగా సుమారు 150 కిలోమీటర్లు.

1898లో నోమ్ దగ్గర బంగారం దొరికింది. వేలమంది ఎగబడ్డారు. మనం బియ్యం గాలించినట్టే వాళ్ళు ఏటి ఇసుకను పళ్ళేల్లో గాలించారు. తేలికది నీళ్ళతో పోతుంది, బరువైంది అడుగున మిగులుతుంది. మిగిలినదాంట్లో పసుపుపచ్చటిది ఏరుకుని, నల్లగా బరువుగా ఉన్నదాన్ని పారబోశారు. 1900లో ఆల్‌ఫ్రెడ్ హల్స్ బ్రూక్స్ అనే భూవిజ్ఞాని అక్కడికి వెళ్ళాడు. అనికోవిక్ నదిలో కలిసే బ్యూనర్ క్రీక్ అనే పిల్లవాగు దగ్గర ఆ నల్లగింజల్ని చూసి, ఇది తగరం రాయి అని గుర్తుపట్టాడు. గాలించే చేతులకు వచ్చిన బరువే ఆయన చేతికీ వచ్చింది. ఆయన ఆగి చూశాడు. నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే గౌరవం ఆ ఆగడం మీదే. తర్వాత ఆయన అలాస్కా సర్వేకి 20 ఏళ్ళకు పైగా పెద్దగా ఉన్నాడు. ఉత్తర అలాస్కాలో అడ్డంగా పరుచుకున్న మహా పర్వతశ్రేణికి ఇప్పుడు ఆయన పేరే, బ్రూక్స్ రేంజ్.

1903లో లాస్ట్ రివర్ దగ్గర రాతిలోనే ఉన్న తగరం దొరికింది. అడాల్ఫ్ నాఫ్ అనే యువ భూవిజ్ఞాని ఆ ద్వీపకల్పం తగరం చోట్లన్నీ తిరిగి 1908లో సర్వే బులెటిన్ రాశాడు. అదే ఏడాది షాలర్ అనే రసాయనవేత్తతో కలిసి, అక్కడి బ్రూక్స్ మౌంటెన్ నుంచి తెచ్చిన నల్లటి రాతిలో ఒక కొత్త ఖనిజాన్ని వర్ణించాడు. ఇనుము, మెగ్నీషియం, తగరం, బోరాన్ కలిసిన ఖనిజం. దానికి పెట్టిన పేరు హల్సైట్. బ్రూక్స్ గారి పూర్తి పేరులో మధ్యమాట హల్స్ అని ఇందాక చెప్పాను, గుర్తుందా?

లాస్ట్ రివర్ రాళ్ళని కాస్త దగ్గరగా చూద్దాం. చుట్టూ ఉన్న సున్నపురాయి ఆర్డోవిషియన్ కాలానిది, 44 కోట్ల ఏళ్ళకు పైబడింది. కింద దాగిన గ్రానైటు వయసు దాదాపు 8 కోట్ల ఏళ్ళే. గని దగ్గర గ్రానైటు పైకి కనబడదు. కనబడేది దాన్నుంచి సున్నపురాయిలోకి చొచ్చుకొచ్చిన సన్నటి గోడల్లాంటి రాతి పలకలు, అంటే డైకులు, వాటి పక్కన సాలెగూడులా అల్లుకున్న సిరలు. ఒక డైకుకి పేరే క్యాసిటరైట్ డైకు. వేడినీళ్ళు ఆ డైకు రాతిని ఎంత కొరికేశాయంటే, కొన్నిచోట్ల ఫెల్‌స్పార్ అంతా సుద్దమట్టి అయిపోయింది. అందులో పుష్యరాగం, ఊదారంగు ఫ్లోరైటు, నల్లటి వుల్‌ఫ్రమైట్, మధ్యమధ్యలో క్యాసిటరైట్ గింజలు. వాటిని ఒరుసుకుని వెండితెలుపు మెరుపుతో ఆర్సెనోపైరైట్. ఒకే చేతిముక్కలో తగరం, ఆర్సెనిక్ రెండూ చూడొచ్చు.

మరి గని ఏమైంది? మొదటి యాభై ఏళ్ళలో అప్పుడప్పుడు తవ్వారు, ఆపారు. 1942లో మలయా, ఇండోనేషియా జపాన్ చేతికి వెళ్ళిపోయాక అమెరికాకి తగరం కరువైంది. ప్రభుత్వమే ఈ కొండల్లోకి డ్రిల్లింగు యంత్రాలు పంపింది. కొరియా యుద్ధం నాటికి నిజంగానే గని నడిచింది. 1950ల నడిమికి మూతపడింది. యాభై ఏళ్ళ ప్రయాస అంతా కలిపి వచ్చిన తగరం కొన్ని వందల టన్నులు. ప్రపంచంలో ఇప్పుడు ఏడాదికి దాదాపు 3 లక్షల టన్నులు తీస్తారు. ఆ ద్వీపకల్పంలో లోతు తవ్విన గని కంటే ఏటి ఇసుకే ఎక్కువ తగరం ఇచ్చింది.

రాయి చెడ్డది కాదు. దారి లేదు. సముద్రం ఏడాదిలో చాలా నెలలు గడ్డకట్టి ఉంటుంది. కరిగిన కొద్ది నెలల్లోనే ఓడ రావాలి, డీజిల్ దిగాలి, ఖనిజం ఎక్కాలి. 1960ల్లో అదే చోట బెరీలియం ఉందని తేలింది. 1970ల్లో ఫ్లోరైటు కోసం పెద్ద పథకాలు వేశారు. అవీ కాగితం దాటలేదు. 1985లో తగరం ధరని నిలబెడుతూ వచ్చిన అంతర్జాతీయ తగరం మండలి కుప్పకూలి ధర పడిపోయాక ఇలాంటి చోట్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. అమెరికాలో 1993 తర్వాత తగరం తవ్వకమే లేదు. ఆర్సెనిక్ ఉత్పత్తి 1985 నుంచే లేదు. ఇప్పుడు మాత్రం ఆ రెండూ వాళ్ళ కీలక ఖనిజాల జాబితాలో ఉన్నాయి. మీ జేబులో ఫోను ఉంది కదా. లోపల భాగాలన్నిటినీ అతికించిన టంకం దాదాపుగా తగరమే. సిగ్నల్ పంపే చిప్పులో గాలియం ఆర్సెనైడ్ ఉంటుంది. ఆ పేరులేని పంక్తిలోని రెండు మాటలూ మీ జేబులో ఉన్నాయి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980ల్లో, మధ్య భారతంలో ఒక అడవి ఏట్లో గాలించాను. పళ్ళెం అడుగున నల్లటి గింజలు నిలిచాయి. చేతికి బరువు తెలిసింది. సంతోషం పట్టలేక పది నమూనాలు సంచుల్లో కట్టి ఒక ల్యాబుకి పంపాను. రెండు నెలలకి రిపోర్టు వచ్చింది. తగరం లేదు. పదింటికి పదీ సున్నా. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా పై అధికారి ఆ రిపోర్టు చూసి, 'దీన్ని ఏ ఆమ్లంలో కరిగించారో అడిగావా?' అన్నారు. అడగలేదు. బంగారాన్ని కూడా కరిగించే ఆక్వా రీజియాలో వేశారట. క్యాసిటరైట్ దానికి లొంగదు. సోడియం పెరాక్సైడ్ లాంటిదానితో కలిపి కొలిమిలో కరిగిస్తే తప్ప నోరు విప్పదు. నా తగరమంతా పరీక్షనాళిక అడుగున మడ్డిగా మిగిలిపోయింది, వాళ్ళు పైన నీళ్ళని కొలిచారు. ఆ సాయంత్రం మా అధికారి క్యాంపులో జింకు రేకు మీద ఆ గింజలు వేసి, ఆమ్లం పోసి చూపించారు. ఇప్పుడు ఈ పళ్ళెంలో జరుగుతున్నది అదే.

ఇది అలాస్కా జాబితాలోని ఆ పేరులేని గట్టు పంక్తికి ఎలా తగులుతుందో చూడండి. ఒకేసారి నలభై మూలకాలు కొలిచే చవక పరీక్షలు ఇప్పటికీ చాలావరకు ఆక్వా రీజియాతోనే మొదలవుతాయి. ఆర్సెనోపైరైట్ అందులో ఇట్టే కరుగుతుంది. కాబట్టి రిపోర్టులో ఆర్సెనిక్ వేలల్లో ఉంటుంది, తగరం ఒకటో రెండో అంకెలుంటుంది. చదివేవాడికి తెలియకపోతే 'ఆర్సెనిక్ మాత్రమే' అని రాసుకుని వెళ్ళిపోతాడు. తెలిసినవాడు ఆ పెద్ద అంకె దగ్గర ఆగి, ఇంత పాషాణం ఉన్నచోట తగరం ఎక్కడ దాక్కుందో చూడాలి, మళ్ళీ కొలవండి అంటాడు. దాక్కున్నదాన్ని పట్టించేది పాషాణమే.

పాషాణం అనే మాట వాడుతున్నాను. మన భాషలో దీనికి పాత పరిచయం ఉంది. పసుపుపచ్చటి హరిదళం, ఎర్రటి మణిశిల, రెండూ ఆర్సెనిక్, గంధకం కలిసినవే. తెల్ల పాషాణం ఆర్సెనిక్ ఆక్సైడు. పేర్లు పెట్టి, రంగులు వర్గీకరించి, భయపడి, మందులోనూ వాడుకున్నారు. ఆధునిక వైద్యంలో కూడా ఒక రకం రక్త కేన్సర్‌కి ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ ఇస్తారు. ఆర్సెనోపైరైట్‌ని సుత్తితో గట్టిగా కొడితే వెల్లుల్లి వాసన వస్తుంది. మీ కాలేజీ మ్యూజియంలో ఆ రాయి ఉంటే ఒకసారి, ఆరుబయట, ఒక్క దెబ్బ చాలు. ఆ వాసన వస్తే అందులో ఉన్నదేమిటో ముక్కుకే తెలుస్తుంది. వేడి మాత్రం చెయ్యకండి.

వేడి చెయ్యడం వల్ల ఏమైందో చెప్పడానికి ఇంగ్లండులోని కార్న్‌వాల్ చాలు. అక్కడి తగరం ముడిఖనిజంలో ఆర్సెనోపైరైట్ కలిసి ఉండేది. కరిగించే ముందు దాన్ని కాల్చి ఆర్సెనిక్‌ను పోగొట్టాలి. ఆ పొగని మెలికలు తిరిగిన పొడవాటి గదుల్లోకి పంపితే గోడలకి తెల్లటి పొడి అంటుకునేది. దాన్ని గీకి తియ్యడానికి మనుషులు లోపలికి వెళ్ళేవారు. ముక్కులో దూది, చర్మానికి మట్టి పూత. అదే రక్షణ. ఆ పొడి పంటల మందుగా, రంగుగా లోకమంతా అమ్ముడుపోయింది. తగరం చరిత్ర చదివేటప్పుడు ఆ మట్టి పూసుకున్న మొహాలు నాకు కళ్ళముందు కదులుతాయి.

అందుకే 'మారుమూల' అనే మాటని నేను అంత తేలిగ్గా తీసుకోలేను. ఎవరికి మారుమూల? సీవార్డ్ ద్వీపకల్పంలో ఇనూపియాట్ ప్రజలున్నారు. వేల్స్, బ్రెవిగ్ మిషన్, టెల్లర్, షిష్‌మరెఫ్, ఇవన్నీ వాళ్ళ ఊళ్ళు. చేపలు, సీలు వేట, కొండ పండ్లు, వాగు నీళ్ళు వాళ్ళ బతుకు. తాగునీటిలో లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటి ఆర్సెనిక్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆర్సెనోపైరైట్‌లో దాదాపు సగం బరువు ఆర్సెనిక్. అది కొండ లోపల, గాలి తగలకుండా, గడ్డకట్టిన నేలలో ఉన్నంతకాలం ఎవరికీ హాని లేదు. తవ్వి పొడిచేసి ఆరుబయట గుట్ట పోస్తే సంగతి వేరు.

తవ్వకపోయినా మార్పు ఆగడం లేదన్నది కొత్త విషయం. బ్రూక్స్ రేంజ్‌లో కొన్నేళ్ళుగా స్వచ్ఛమైన వాగులు నారింజ రంగుకి తిరుగుతున్నాయి. 75 వాగుల్లో ఇది జరిగిందని 2024లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. వేల ఏళ్ళుగా గడ్డకట్టిన నేల కరిగి, లోపలి గంధకపు ఖనిజాలకు నీరూ గాలీ తగిలి, ఇనుమూ ఆమ్లమూ బయటికొస్తున్నాయన్నది వాళ్ళు చూపిన కారణం. జింకు, నికెల్, కాడ్మియం లాంటివి కూడా పెరిగాయి. ఆర్సెనిక్ విషయంలో కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ నారింజ తుప్పు ఆర్సెనిక్‌ను గట్టిగా పట్టుకుంటుంది. సున్నపురాయి ఉన్నచోట ఆమ్లం విరిగిపోతుంది. కాబట్టి ఏ వాగు సంగతి ఆ వాగులో నీళ్ళు కొలిస్తేనే తెలుస్తుంది. కొలవాలంటే ముందు ఎక్కడ కొలవాలో తెలియాలి. పేరులేని గట్టు మీద ఆర్సెనిక్ ఉందని ఎవరో ఒక మధ్యాహ్నం రాసిపెట్టిన పంక్తి గని కోసం పనికిరాకపోయినా, దిగువన నీళ్ళు తాగే మనిషి కోసం పనికొస్తుంది. ఖనిజ జాబితాని ఆరోగ్య జాబితాగా కూడా చదవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకొక్క విషయం చెప్పి పళ్ళెం దగ్గరికి వస్తాను. 2011లో అదే ద్వీపకల్పం ఉత్తర తీరాన, కేప్ ఎస్పెన్‌బర్గ్ అనే చోట, కొలరాడో విశ్వవిద్యాలయం బృందం సుమారు వెయ్యేళ్ళనాటి ఇనూపియాట్ పూర్వీకుల ఇల్లు తవ్వుతుంటే ఒక చిన్న కంచు వస్తువు దొరికింది. బెల్టు బకిల్‌లా ఉంటుంది, పోతపోసింది. ఆ రోజుల్లో అలాస్కాలో కంచు పోత పొయ్యలేదు. అది తూర్పు ఆసియాలో ఎక్కడో తయారై, చేతులు మారుతూ జలసంధి దాటి వచ్చింది. కంచు అంటే రాగి, తగరం కలిసినదే కదా. తన కొండల్లో తగరం ఉన్న ఆ నేల మీదికి తగరం అలా, పరాయి దేశపు కంచు రూపంలో వచ్చిందని తలుచుకుంటే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పశ్చిమాసియాలో కంచు తొలినాళ్ళలో రాగిని గట్టిపరచడానికి తగరం కంటే ముందు వాడింది ఆర్సెనిక్‌నే. ఈ రెండింటి స్నేహం కొలిమి దగ్గర కూడా అంత పాతది.

ఏమ్మా, ఏదో అడగబోతున్నారు? గట్టిగా చెప్పండి. ఆ, మంచి ప్రశ్న. లాస్ట్ రివర్ లాంటి చోటి నుంచి తెచ్చిన రాతికి ఈ జింకు పరీక్ష చెయ్యొచ్చా అని అడుగుతున్నారు. శ్రద్ధగా వినండి, ఇది అందరూ రాసుకోవాలి. చెయ్యకూడదు. జింకు, ఆమ్లం ఉన్నచోట కరిగే ఆర్సెనిక్ రవ్వంత ఉన్నా ఆర్సీన్ అనే వాయువు పుడుతుంది. చాలా విషం. కొద్దిగా పీల్చినా రక్తకణాలు పగిలిపోతాయి. 1836లో జేమ్స్ మార్ష్ ఇదే రసాయన చర్యని విషప్రయోగాలు పట్టుకోవడానికి పరీక్షగా మార్చాడు. ఒకే గిన్నెలో తగరం అయితే మెరుపు, పాషాణం అయితే ప్రాణాంతకం. అందుకే నేను ఆర్సెనిక్ పొత్తు లేని బస్తర్ గింజలు తెచ్చాను. వాటిని కూడా విడివిడిగా భూతద్దం కింద ఏరి, కడిగి తెచ్చాను. బస్తర్‌లో తగరం పెగ్మటైటుల్లో, అంటే పెద్ద పెద్ద స్ఫటికాలున్న గ్రానైటు జాతి రాళ్ళలో వస్తుంది. భద్రాచలం దాటితే ఎంతో దూరం కాదు. మన దేశంలో తగరం ముడిఖనిజం తీస్తున్న రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ ఒక్కటే. అక్కడి ఆదివాసీలు ఇప్పటికీ ఏట్లో గాలించి, గింజలు పోగు చేసి అమ్ముతారు. వాళ్ళ చేతులకి ఆ బరువు బాగా తెలుసు.

సరే, బుడగలు తగ్గిపోయాయి. పటకారుతో గింజలు తీసి నీళ్ళలో కడుగుతున్నాను. దగ్గరికి రండి, తోసుకోకండి. నల్లగా ఉన్న గింజ ఇప్పుడు బూడిద రంగుకి తిరిగింది, చూశారా? మసి పట్టినట్టుంది. ఆ గుడ్డముక్క ఇలా ఇవ్వండి. ఇదిగో, బొటనవేలితో నొక్కి రుద్దుతున్నాను. ఇప్పుడు వెలుతురులో పట్టి చూడండి. అది కళాయి మెరుపు. ఒకరి తర్వాత ఒకరు తీసుకుని చూసి, పక్కవాళ్ళకి ఇవ్వండి.